నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు: తల్లి పక్కన ఉన్నవారు ఏ పని ఎప్పుడు చేయాలి

"నెలలు నిండకుండానే కాన్పు అయింది. బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉంది. తల్లిపాలు పంపమంటున్నారు. ఎలా పిండాలి? ఎన్ని వస్తాయి? మేమేం చేయాలి?"

ఈ ప్రశ్నలు నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. అడిగేది తల్లుల కన్నా ఎక్కువగా వారి భర్తలు, అమ్మలు, అక్కచెల్లెళ్లు. అందుకే ముఖ్యంగా వారి కోసమే ఇది రాస్తున్నాను. తల్లి కూడా చదవవచ్చు. కానీ చదివి గుర్తుపెట్టుకునే భారం ఆమె మీద వేయకండి.

నా మొదటి బిడ్డ 30 వారాలకే పుట్టింది. తొలిసారి పిండినప్పుడు 1 మి.లీ. సిరంజిలో మూడో గీత దాకా కూడా పాలు రాలేదు. ప్లాస్టిక్ గోడకు అంటుకుని ఒక పసుపుపచ్చని చుక్క, అంతే. చూడటానికి వచ్చిన బంధువు ఒకావిడ "ఇంతేనా?" అంది. ఆ ఒక్క మాటతో మరుసటిసారి పిండటానికి నాకు చేతులు రాలేదు. అక్క ఏమీ అనలేదు. ఆ చుక్కను రెండో చుక్కతో కలిపి సిరంజిలోకి లాగి, మూత పెట్టి, సమయం రాసి, పరుగున వెళ్లి బిడ్డ దగ్గర ఇచ్చి వచ్చింది. తర్వాత నేను పిండిన ప్రతిసారీ ఆమె అదే చేసింది. మీరు చేయవలసింది కూడా అదే.

పాలు పిండటం, బిడ్డను ఎదకు హత్తుకోవడం, కాస్త నిద్రపోవడం తల్లి పనులు. కడగడం, మరిగించడం, చీటీలు అంటించడం, సమయం రాయడం, పాలు మోయడం, ఫోన్లకు జవాబు చెప్పడం అన్నీ పక్కవారివి. ఈ పంపకం కుదిరిన ఇంట్లో పాలు నిలబడటం నేను చాలాసార్లు చూశాను.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

37 వారాలు నిండకముందు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. కాన్పు ముందే వచ్చేలా ఉందని వైద్యులు చెబితే, ఆ రోజే పాల గురించి మాట్లాడండి. "కాన్పు అయిన వెంటనే ముర్రుపాలు పిండటానికి ఎవరు సాయం చేస్తారు? ఆసుపత్రిలో పంపు ఉందా? పాలు ఎవరికి, ఎక్కడ ఇవ్వాలి?" అని అడిగి, జవాబులు కాగితం మీద రాసుకోండి.

ముందుగా తెలియకపోయినా ఫరవాలేదు. కాన్పు అయిన గంటలో ఇవి చేతికందేలా చూడండి:

- 1 మి.లీ., 2 మి.లీ. సూదిలేని సిరంజిలు, వాటి మూతలు
- శుభ్రమైన చిన్న కప్పు లేదా చెంచా
- బిడ్డ వివరాలతో ఆసుపత్రి ఇచ్చే చీటీలు, పెన్ను
- ఒక నోటుపుస్తకం (సమయం రాయడానికి)
- మెత్తని తువ్వాలు, గోరువెచ్చని నీళ్లు
- తల్లి పక్కన ఎప్పుడూ మంచినీళ్ల సీసా

తల్లి వాడుతున్న మందుల జాబితా కూడా సిద్ధంగా ఉంచి బిడ్డను చూసే వైద్యులకు ఇవ్వండి. చాలా మందులు పాలివ్వడానికి అడ్డు కావు. కొన్ని మాత్రం అడ్డే. ఆ నిర్ణయం వైద్యులది. "మందులు వాడుతోంది కదా, పాలు పారబోద్దాం" అని ఎవరూ సొంతంగా తీర్మానించకూడదు.

## 2. మొదటి ఆరు గంటలు: ముర్రుపాలు

తల్లి ఒంట్లో నిలకడ ఉంటే కాన్పు అయిన గంటలోపే మొదలుపెట్టడం మంచిది. ఆపరేషన్ వల్లనో, రక్తపోటు వల్లనో ఆలస్యమైనా ఆరు గంటలు దాటనివ్వకుండా ప్రయత్నించండి. అదీ కుదరలేదా, కుదిరినప్పుడే మొదలుపెట్టండి. ఆలస్యమైంది కాబట్టి ఇక లాభం లేదనుకోవడం తప్పు.

ముర్రుపాలు చిక్కగా, కొద్దిగానే ఉంటాయి. మొదటి రోజు ఒక్కోసారి కొన్ని చుక్కలే వస్తాయి. బిడ్డకు ఆ చుక్కలే కావాలి. నెలలు నిండని బిడ్డ పేగుల గోడ ఇంకా పల్చగా, పచ్చిగా ఉంటుంది. ముర్రుపాలలోని రక్షక పదార్థాలు ఆ గోడకు పూత పూసినట్టు కాపలా కాస్తాయి. ఈ పిల్లల్లో పేగులు వాచి దెబ్బతినే ఎన్‌ఈసీ అనే ప్రమాదకరమైన జబ్బు వస్తుంది. తల్లిపాలు తాగే పిల్లల్లో అది తక్కువ. రక్తానికి పాకే ఇన్ఫెక్షన్లూ తగ్గుతాయి. నెలలు నిండకుండా కాన్పు అయిన తల్లి పాలలో మొదటి వారాల్లో మాంసకృత్తులు కూడా ఎక్కువగా ఉంటాయి.

బిడ్డకు ఇంకా ఏమీ పట్టడం లేదన్నా ముర్రుపాలు పంపండి. చాలా చోట్ల నర్సులు ఒకటి రెండు చుక్కలు బుగ్గల లోపలి వైపు రాస్తారు. మీ దగ్గర ఆ పద్ధతి ఉందో లేదో అడగండి.

## 3. చేత్తో పిండే పద్ధతి

మొదటి రెండు మూడు రోజులు పంపు కన్నా చెయ్యే మేలు. చిక్కని చుక్కలు పంపు భాగాలకే అంటుకుపోతాయి. చేత్తో పిండితే ఒక్క చుక్కా వృథా కాదు.

1. తల్లి, సాయం చేసేవారు ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోండి. గోళ్లు కత్తిరించుకోండి. ఉంగరాలు తీసేయండి.
2. తల్లిని వీపు ఆనించి సుఖంగా కూర్చోబెట్టండి. ఆపరేషన్ అయితే పక్కకు ఒత్తిగిల్లి పడుకునీ పిండవచ్చు.
3. గోరువెచ్చని తువ్వాలు రొమ్ము మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. తర్వాత వేళ్లతో గుండ్రంగా, మెత్తగా మర్దన చేసుకోమనండి.
4. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకు రెండు మూడు సెంటీమీటర్ల వెనక ఎదురెదురుగా ఉంచాలి.
5. వేళ్లను ముందు ఛాతీ వైపు వెనక్కి నొక్కాలి. తర్వాత రెండు వేళ్లనూ దగ్గరకు తేవాలి. తర్వాత వదలాలి. నొక్కు, దగ్గరకు తే, వదులు: ఇదే లయ.
6. చుక్క కనపడగానే సిరంజి మొనతో లాగండి. మీ చెయ్యి రొమ్మును తాకనక్కర్లేదు.
7. ఒక పక్క చుక్కలు తగ్గగానే రెండో పక్కకు మారండి. వేళ్ల స్థానం గడియారంలో ముల్లులా తిప్పుతూ అన్ని వైపుల నుంచీ పిండాలి. మొత్తం 15 నుంచి 20 నిమిషాలు.

మొదటి రెండు నిమిషాల్లో ఏమీ రాకపోవడం మామూలే. చర్మం మీద వేళ్లు జారిస్తే మంట పుడుతుంది, పాలు రావు. చనుమొననే పట్టి లాగితే నొప్పి తప్ప ఫలితం ఉండదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. వేళ్లు అరంగుళం వెనక్కి జరిపి చూడమనండి. చాలాసార్లు ఆ చిన్న మార్పుతోనే చుక్క పడుతుంది.

పాలు చేపుకు రావాలంటే తల్లి ఒళ్లు వదులు కావాలి. నొప్పి, చలి, భయం చేపును అడ్డుకుంటాయి. అందుకే పిండే అరగంట ముందు నొప్పి మాత్ర వేశారో లేదో చూడండి. భుజాల మీద దుప్పటి కప్పండి. బిడ్డ ఫొటో గానీ, బిడ్డ వాసన ఉన్న గుడ్డ గానీ ఆమె చేతికివ్వండి. గదిలో జనాన్ని బయటికి పంపండి. ఆ పని ఆమె చేయలేదు, మీరు చేయగలరు.

## 4. పంపు వాడటం

రెండు రొమ్ములకూ ఒకేసారి అమరే ఎలక్ట్రిక్ పంపు దొరికితే అదే వాడండి. సమయం సగం అవుతుంది, పాలు కూడా బాగా వస్తాయి. ఆసుపత్రిలో ఉంటే వాడుకోండి, లేదా అద్దెకు దొరుకుతుందేమో అడగండి. మొదటి రోజు నుంచే పంపు మొదలుపెట్టినా, దానితో పాటు చేత్తో పిండటం మానవద్దు.

రొమ్ముకు ఆనించే గరాటు కొలత సరిపోవడం చాలా ముఖ్యం. పంపు నడుస్తున్నప్పుడు వంగి చూడండి. చనుమొన సొరంగంలో గోడలకు రాసుకోకుండా ముందుకూ వెనక్కూ కదలాలి. చుట్టూ ఉన్న నల్లని వలయం ఎక్కువగా లోపలికి లాగబడకూడదు. చనుమొన తెల్లబడినా, గీరుకుపోయినా కొలత తప్పింది. రెండు రొమ్ములకూ ఒకే కొలత సరిపోవాలని లేదు. వారాలు గడిచేకొద్దీ కొలత మారవచ్చు కూడా.

లాగే బలాన్ని "నొప్పి లేనంత వరకు" మాత్రమే పెంచాలి. ఎక్కువ లాగితే ఎక్కువ పాలు వస్తాయనుకోవడం అపోహ. నొప్పి పుడితే చేపు ఆగిపోతుంది.

పాలు బాగా పడేదాకా ఒక్కోసారి 15 నిమిషాల చొప్పున నడపండి. పాలు పడ్డాక, చివరి చుక్క ఆగిన తర్వాత ఇంకో రెండు నిమిషాలు నడపాలి. అయితే మొత్తం అరగంట మించనక్కర్లేదు. పంపు నడుస్తుండగా తల్లి చేతులతో రొమ్మును అక్కడక్కడ మెత్తగా నొక్కుతూ, ఆఖరున కాసేపు చేత్తో పిండితే పాల పరిమాణం పెరుగుతుంది. చివరన వచ్చే పాలలో కొవ్వు ఎక్కువ. బరువు పెరగవలసిన బిడ్డకు ఆ కొవ్వు చాలా అవసరం.

## 5. మొదటి 14 రోజులు: సార్లు లెక్కపెట్టండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి.

చాలామందికి వచ్చే సందేహం ఇది: "బిడ్డ తాగేది రోజుకు 20 మి.లీ. కూడా లేదు. మరి రోజుకు ఎనిమిదిసార్లు ఎందుకు పిండాలి?"

లెక్క వేసి చూద్దాం. కిలో బరువున్న బిడ్డకు మొదట్లో రోజంతటికీ 10 నుంచి 20 మి.లీ. మాత్రమే పట్టవచ్చు. రెండు గంటలకోసారి పడితే ఒక్కోసారికి ఒకటి రెండు మిల్లీలీటర్లు. కానీ అదే బిడ్డ పూర్తిగా పాల మీదకు వచ్చాక కిలోకు సుమారు 150 నుంచి 180 మి.లీ. కావాలి. మూడు కిలోల బరువుతో ఇంట్లో ఉన్న రోజున ఆ లెక్క 450 మి.లీ. దాటుతుంది.

రొమ్ము తన శక్తిని నిర్ణయించుకునేది ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. ఆ రోజుల్లో ఎన్నిసార్లు ఖాళీ అయితే అంతగా తయారు చేయడానికి సిద్ధపడుతుంది. కాబట్టి ఇప్పుడు పిండేది ఈ రోజు బిడ్డ కోసమే కాదు, రెండు నెలల తర్వాతి బిడ్డ కోసం కూడా.

లక్ష్యాలు ఇలా పెట్టుకోండి:

- 24 గంటల్లో 8 నుంచి 10 సార్లు
- ఏ రెండుసార్ల మధ్యా అయిదు గంటల కన్నా ఎక్కువ ఎడం వద్దు
- అర్ధరాత్రి దాటాక ఒక్కసారైనా (పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది)
- 10 నుంచి 14 రోజుల నాటికి రోజుకు 500 మి.లీ. లేదా అంతకన్నా ఎక్కువ

సమయాలు సమానంగా ఉండనక్కర్లేదు. ఒక తల్లికి కుదిరిన పట్టిక: ఉదయం 6, 8.30, 11, మధ్యాహ్నం 1.30, సాయంత్రం 4, 6.30, రాత్రి 9.30, ఆపైన 2. ఒకటి తప్పితే తర్వాతి రెండింటినీ దగ్గర చేయండి. రోజు ముగిసేసరికి లెక్క ఎనిమిది కావాలి.

పాలు సాధారణంగా మూడు నుంచి అయిదు రోజుల్లో ఒక్కసారిగా పెరుగుతాయి. ఆపరేషన్, అధిక రక్తపోటు, మధుమేహం ఉన్న తల్లుల్లో ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. అయిదో రోజు దాటినా పెరగకపోతే, లేదా పది రోజుల తర్వాత రోజుకు 350 మి.లీ. లోపే ఉంటే, వేచి చూడకుండా పాలిచ్చే తల్లులకు సలహాలిచ్చే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.

నోటుపుస్తకంలో మొదటి వారం సమయాలు మాత్రమే రాయండి. మిల్లీలీటర్లు రాయవద్దు. రోజూ ఆ అంకెలు చూసి కుమిలిపోయిన తల్లుల్ని నేను చాలామందిని చూశాను. రెండో వారం నుంచి రోజు మొత్తం లెక్క రాయండి. ఒక్కోసారికి ఎంత వచ్చిందన్నది అప్పుడూ వద్దు. తెల్లవారుజామున ఎక్కువ, సాయంత్రం తక్కువ రావడం సహజం.

రాత్రి రెండు గంటలకు అలారం తల్లి ఫోనులో కాదు, మీ ఫోనులో పెట్టండి. మీరు లేచి, భాగాలు బిగించి, నీళ్లు పెట్టి, అప్పుడు ఆమెను లేపండి. పిండటం అయ్యాక ఆమె వెంటనే పడుకోవాలి. కడగడం, పాలు ఫ్రిజ్‌లో పెట్టడం మీ వంతు. ఇలా చేస్తే ఆమెకు రాత్రికి ముప్పావు గంట నిద్ర మిగులుతుంది.

## 6. శుభ్రత, చీటీలు, నిల్వ

ఇది పూర్తిగా పక్కవారి పని. ఆసుపత్రి నియమం వేరేలా ఉంటే దాన్నే పాటించండి. నెలలు నిండని పిల్లలకు నియమాలు మామూలు పిల్లల కన్నా కఠినంగా ఉంటాయి.

కడగడం. పాలు తగిలిన భాగాలన్నీ విడదీసి చల్లటి నీళ్లతో తొలచండి. తర్వాత వాటికోసమే కేటాయించిన గిన్నెలో వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో కడగండి. సింకులో నేరుగా వేయవద్దు. రోజుకోసారి అయిదు నుంచి పది నిమిషాలు మరిగించండి లేదా ఆవిరి పట్టండి. గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. గాలి గొట్టాలను కడగనక్కర్లేదు. వాటిలో తడి కనిపిస్తే పంపును కాసేపు ఖాళీగా నడపండి.

చీటీ. తల్లి పేరు, బిడ్డ ఆసుపత్రి నంబరు, తేదీ, సమయం. చీటీ లేని పాలు వాడరు, పారబోస్తారు. ముర్రుపాల సిరంజిలకు వరుస సంఖ్య కూడా రాయండి, అవి అదే వరుసలో బిడ్డకు అందాలి.

నిల్వ. అప్పుడే పిండిన పాలే అన్నింటికన్నా మేలు. వెంటనే పట్టకపోతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర, తలుపులో కాకుండా లోపలి గోడ పక్కన పెట్టండి. రెండు రోజుల్లో వాడేలా లేకపోతే గడ్డకట్టించండి. మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లని చోట, ఇలాంటి పిల్లల కోసం మూడు నెలల వరకు ఉంచవచ్చని చాలా ఆసుపత్రులు చెబుతాయి. సీసా నిండా పోయవద్దు, గడ్డకట్టినప్పుడు పాలు ఉబ్బుతాయి. వెచ్చని పాలను చల్లని పాలలో కలపవద్దు.

కరిగించడం. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి గానీ, గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి గానీ కరిగించండి. కరిగిన పాలు ఫ్రిజ్‌లో 24 గంటలే. మళ్లీ గడ్డకట్టించకూడదు. మైక్రోవేవ్ అసలే వద్దు. పాలు అక్కడక్కడ మరుగుతాయి, రక్షక పదార్థాలు నశిస్తాయి. పైన తేలిన మీగడను సీసా మెల్లగా తిప్పి కలపండి.

మోయడం. మంచుప్యాకులున్న పెట్టెలో, ఖాళీ మిగలకుండా సర్ది, దారిలో ఆగకుండా తీసుకెళ్లండి.

## 7. బిడ్డను ఎదకు హత్తుకోవడం

కంగారూ పద్ధతి అంటే బిడ్డకు డైపరు, టోపీ మాత్రమే ఉంచి తల్లి ఎద మీద చర్మానికి చర్మం ఆనేలా నిలువుగా పడుకోబెట్టడం. నెలలు నిండని, బరువు తక్కువ ఉన్న పిల్లలందరికీ వీలైనంత త్వరగా మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. అన్ని గంటలు కుదరకపోతే కుదిరినంత చేయండి. ఒక్కసారి హత్తుకుంటే కనీసం గంట ఉంచండి, మాటిమాటికీ ఎత్తడం దించడం బిడ్డను అలిసిపోయేలా చేస్తుంది.

- బిడ్డ తల ఒక పక్కకు తిరిగి, గడ్డం ఛాతీకి అంటకుండా ఉండాలి. ముక్కు, నోరు ఎప్పుడూ కనిపించాలి.
- కాళ్లూ చేతులూ కప్పలా మడిచి ఉండాలి.
- మెత్తని గుడ్డతో ఇద్దరినీ కలిపి చుట్టాలి.
- ట్యూబులు, తీగలు ఉన్నా చాలాసార్లు కుదురుతుంది. నర్సు వాటిని పట్టుకుని సర్దుతారు. "ఇవాళ హత్తుకోవచ్చా?" అని రోజూ అడగండి, వారు చెప్పేదాకా ఆగవద్దు.

బిడ్డను దించిన వెంటనే పాలు పిండితే ఎక్కువ వస్తాయి. కాబట్టి పంపు సిద్ధంగా ఉంచండి. తల్లి నిద్రపోతున్నప్పుడు తండ్రి హత్తుకోవచ్చు. బిడ్డకు వెచ్చదనం అలాగే అందుతుంది, తల్లికి విశ్రాంతి దొరుకుతుంది.

## 8. తల్లితో ఏమనాలి, ఏమనకూడదు

అనకూడనివి: "ఇంతేనా?", "నువ్వు సరిగా తినడం లేదు", "ఫలానా ఆవిడకు సీసాలు సీసాలు వచ్చాయట", "దిగులు పడితే పాలు ఎండిపోతాయి." ఈ చివరి మాట మంచి మనసుతోనే అంటారు. కానీ దిగులు పడుతున్నందుకు కూడా తప్పు తనదేనన్న భారం ఆమె మీద పడుతుంది.

అనదగినవి: "ఇవాళ ఏడోసారి, బాగా చేశావు." "ఈ చుక్కలు ఇప్పుడే బిడ్డకు ఇచ్చి వస్తాను." "కడగడం నా పని, నువ్వు పడుకో."

నెలలు నిండకుండా కాన్పు ఎందుకయిందో చాలాసార్లు తెలియదు. అది తల్లి చేసిన తప్పు కాదు. ఈ మాట ఆమె అడగకపోయినా చెప్పండి, ఒకసారి కాదు, పదిసార్లు. ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లే రోజు చాలా కష్టంగా ఉంటుంది. ఆ రోజు ఆమెను ఒంటరిగా వదలవద్దు.

దుఃఖం రెండు వారాలు దాటినా తగ్గకపోవడం, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం చూస్తే వైద్యులతో మాట్లాడండి. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేయాలన్న ఆలోచన ఆమె నోట వస్తే ఆ రోజే, ఆ గంటలోనే వైద్యసాయం కావాలి.

ఒంటి విషయంలోనూ కళ్లు తెరుచుకుని ఉండండి. అందరూ బిడ్డనే చూస్తుంటారు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, విపరీతమైన రక్తస్రావం, ఊపిరి ఆడకపోవడం, చలిజ్వరం, కాలు వాచి నొప్పి పుట్టడం: ఇవి ఉంటే పిండటం పక్కనపెట్టి ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆకలికి తినాలి, దాహానికి తాగాలి. పాలు పెంచే మందులు, మూలికలు సొంతంగా ఇవ్వవద్దు.

## 9. తరచు జరిగే పొరపాట్లు, సరిదిద్దే మార్గాలు

రొమ్ము నిండాక పిండుదామని ఆగడం. నిండిన రొమ్ము తయారీని తగ్గిస్తుంది. మెత్తగా ఉన్నా వేళకు పిండాలి.

మూడు నాలుగు వారాలకు పాలు తగ్గడం. ఇది చాలామందికి వస్తుంది. ముందు నోటుపుస్తకం చూడండి, సార్లు ఆరుకు పడిపోయి ఉంటాయి. తర్వాత పంపులోని చిన్న రబ్బరు మూతలు చూడండి. అవి వదులైతే లాగే బలం తగ్గుతుంది, మార్చండి. గరాటు కొలత చూడండి. కంగారూ గంటలు పెంచండి. కొన్ని రోజులు రోజుకోసారి ఇలా చేసి చూడండి: 20 నిమిషాలు పంపు, 10 విరామం, 10 పంపు, 10 విరామం, 10 పంపు.

రొమ్ములు రాయిలా బిగుసుకోవడం. పిండే ముందు చనుమొన చుట్టూ వేళ్లతో ఒక నిమిషం వెనక్కి నొక్కి మెత్తబరచాలి. పిండాక చల్లని గుడ్డ వేయాలి. గట్టిగా పిసకవద్దు, వాపు పెరుగుతుంది.

ఎర్రబడి, జ్వరం రావడం. రొమ్ముకు ఇన్ఫెక్షన్ కావచ్చు. వైద్యులకు చూపండి. సాధారణంగా పిండటం ఆపనక్కర్లేదు. వేళ తప్పకుండా, మామూలు మోతాదులోనే పిండాలి.

పాల రంగు మారడం. పసుపు, తెలుపు, నీలిఛాయ అన్నీ మామూలే. గులాబీరంగు కనిపిస్తే పారబోయకుండా నర్సుకు చూపండి. చనుమొన పగిలి రక్తం కలిసి ఉండవచ్చు.

"పాలలో పొడి కలుపుతున్నారు, అంటే నా పాలు మంచివి కావన్నమాట." కాదు. చాలా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, గర్భంలో పెరగవలసిన వేగంతో పెరగాలంటే అదనంగా మాంసకృత్తులు, కాల్షియం, భాస్వరం కావాలి. ఆ పొడి వాటి కోసం. తల్లిపాలే ఆధారం. దీన్ని వైద్యులు చెప్పకముందే తల్లికి మీరు చెప్పి ఉంచండి.

## 10. పాలు చాలనప్పుడు

ఎంత కష్టపడినా కొందరికి పాలు చాలవు. కొందరు ఆరోగ్య కారణాలతో ఇవ్వలేరు. అప్పుడు పాల బ్యాంకు నుంచి దాత పాలు ఇవ్వగలరేమో అడగండి. బ్యాంకులో దాతలను పరీక్షించి, పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి ఇస్తారు. పోతపాలతో పోలిస్తే దాత పాలతో ఎన్‌ఈసీ ముప్పు తక్కువ. తెలిసినవారి పాలను పరీక్షించకుండా తెచ్చి ఈ పిల్లలకు పట్టకూడదు.

రోజుకు 30 మి.లీ. వచ్చినా ఆ 30 మి.లీ. పంపండి, మిగతాది మరొకటి భర్తీ చేస్తుంది. పిండటం ఆపాలని తల్లి నిర్ణయించుకుంటే ఆమె మాటే చివరిది. ఆపేటప్పుడు కూడా సార్లు క్రమంగా తగ్గించాలి.

## 11. ట్యూబు నుంచి రొమ్ముకు

పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిసి రావాలంటే సాధారణంగా బిడ్డకు గర్భం లెక్కన 32 నుంచి 34 వారాలు నిండాలి. కొందరికి ముందే వస్తుంది. అంతకుముందే అలవాటు చేయవచ్చు. పాలు పిండేసిన రొమ్ము దగ్గర, ట్యూబులో పాలు వెళ్తుండగా, బిడ్డను నాకనివ్వడం మొదటి మెట్టు.

పట్టే పద్ధతి: ఏ రొమ్ము ఇస్తుంటే దానికి ఎదురు చేతితో బిడ్డను పట్టుకుని, మెడ, భుజాలకు ఆసరా ఇవ్వాలి. లేదా బిడ్డను చంక కింద నుంచి పట్టుకోవాలి. తల వెనక నెట్టకూడదు. ఇది తల్లికి కుదిరేదాకా దిండ్లు సర్దుతూ పక్కనే ఉండండి.

బిడ్డ రంగు మారినా, వేళ్లు విప్పి చాచినా, వెక్కిళ్లు వచ్చినా, ఊపిరి తడబడినా ఆపి విశ్రాంతినివ్వండి. మొదటిరోజు రెండు గుటకలు మింగినా మంచి మొదలే. తాగే ముందు, తాగాక తూచి ఎంత వెళ్లిందో నర్సులు చూస్తారు. మిగిలింది ట్యూబుతోనో, చిన్న కప్పుతోనో, ఉగ్గుగిన్నెతోనో పడతారు.

బిడ్డ రొమ్ము పట్టింది కదా అని పంపు ఒక్కసారిగా మానేయడం పెద్ద పొరపాటు. చిన్న బిడ్డ పీల్పుకు రొమ్మును ఖాళీ చేసేంత బలం ఉండదు. బరువు నిలకడగా పెరిగేదాకా పాలిచ్చాక పిండుతూనే ఉండాలి.

## 12. ఇంటికి వెళ్లే ముందు సరిచూసుకోండి

- బిడ్డకు రోజుకు ఎన్నిసార్లు, ఎంత, ఎలా పట్టాలో రాతపూర్వకంగా తీసుకున్నారా?
- విటమిన్ డి, ఐరన్ చుక్కలు ఎప్పటి నుంచి, ఎన్ని?
- పాలలో పొడి కలపడం కొనసాగించాలా?
- మొదటి బరువు పరీక్ష తేదీ ఎప్పుడు?
- రాత్రివేళ సందేహం వస్తే ఎవరికి ఫోను చేయాలి?
- ఆసుపత్రి ఫ్రీజర్‌లో మిగిలిన పాల సీసాలు లెక్కపెట్టి తెచ్చుకున్నారా?
- పంపు ఎన్నాళ్లు ఉంచుకోవాలి?

నెలలు నిండని బిడ్డ ఆకలికి ఏడవకుండా నిద్రలోనే ఉండిపోవచ్చు. కాబట్టి మొదటి వారాల్లో వైద్యులు చెప్పిన వేళకు లేపి పాలివ్వాలి. రోజుకు ఆరు తడి డైపర్లు వస్తున్నాయా అన్నది చూస్తూ ఉండండి. తడి తగ్గినా, బిడ్డ పాలు వద్దని వాలిపోయినా, పసుపురంగు పెరిగినా తెల్లవారేదాకా ఆగకుండా ఫోను చేయండి.

పంపును బరువు పరీక్షలను బట్టి తగ్గించుకుంటూ రండి. రోజులో పిండే సార్లలో, మూడు నాలుగు రోజులకు ఒక్కొక్కటి చొప్పున తీసేయండి. రాత్రి రెండు గంటలది ఆఖరున తీయండి. ఆ అలారం తీసేసే రోజు దాకా అది మీ ఫోనులోనే ఉండాలి.